చీర దించేదాకా కూచున్న రాజు

హసీనా అడిగిన మాట

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా వీధి చివరింటి హసీనా ఫోను పట్టుకుని వచ్చింది. ఫోన్లో కథలు వినిపించే కంపెనీ ఒకదానిలో ఆ అమ్మాయి కొత్తగా ఎడిటర్‌గా చేరింది. నేను ముప్పై రెండేళ్లు కర్నూల్లో ఒక నవలల ప్రచురణ సంస్థలో అదే పని చేసి రిటైరైనదాన్ని. అందుకని ఏ సందేహం వచ్చినా చెప్పులు విడిచి తిన్నగా మా వంటింట్లోకి వచ్చేస్తుంది.

"మేడం, మీరు వేసిన పాత నవల ఒకటి మావాళ్లు తీసుకున్న్యారు. నాగవేణి గారిది. శానా బాగుండాది. కానీ ఆఖర్లో రాజు మూడు దినాలు ఆ పిల్ల ఇంటి గడపలో ఊరికే కూచుంటాడు. ఏమీ జరగదు. వినేటోళ్లకు విసుగొస్తాదని మా సార్ అంటాండాడు. ఆ మూడు దినాలు తీసేద్దామా?"

నేను పప్పుగుత్తి పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టాను. ఎంతసేపు నవ్వానంటే, ఆ పిల్ల కంగారుపడి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తర్వాత ఏదో చెప్పబోయాను గాని మధ్యలో కుక్కరు కూసింది, చుట్టాలెవరో వచ్చారు, మాట తెగిపోయింది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. హసీనాకే కాదు, ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లందరికీ. నాకు జీతం ఎప్పుడు పెరిగింది, కుర్చీ ఎప్పుడు మారింది వంటివి రాయను. అవి నాకే గుర్తు లేవు. గుర్తున్నవల్లా కొన్ని తప్పులు, వాటిని దిద్దిన కొందరు మనుషులు.

మేం వేసిన సరుకు

నెలకొక నవల వేసేవాళ్లం. చేతిలో ఇమిడే సైజు, నూట ఇరవై ఎనిమిది పేజీలు. కథలు మాత్రం కొత్తవి కావు. సవతితల్లి చేతిలో నలిగే పిల్ల, పోయిన చెప్పు పట్టుకుని ఆ పిల్లను వెతికే రాజకుమారుడు, నూరేళ్లు నిద్రపోయే రాజకుమార్తె, మృగం రూపంలో ఉన్న మంచివాడు. ఇలా పిల్లలకు చెప్పుకునే పాత కథలనే తీసుకుని, పెద్దవాళ్ల ప్రేమకథలుగా మార్చి, మన సీమలో పాలెగాళ్ల కాలంలోనో నవాబుల కాలంలోనో పెట్టేవాళ్లం. గుర్రం ఎక్కడో మంచు దేశంలో పరిగెత్తేది కాదు, తుంగభద్ర ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ నడిచేది.

ఈ ఆలోచన మా యజమాని ఓబుళరెడ్డి గారిది. మాకందరికీ ఆయన రెడ్డిసార్. బనగానపల్లె దగ్గర మామిడితోటలున్న కుటుంబం. నవలను కూడా మామిడికాయను చూసినట్టే చూసేవాడు. రాతప్రతి చేతికివ్వగానే సరిగ్గా మధ్యకు తెరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని నిజంగానే వాసన చూసి, అక్కడినుంచి పది పేజీలు చదివేవాడు. అంతే. మొదలూ చూడడు, చివరా చూడడు.

"తొడిమ కాడ వాసన చూస్తే సాలు కదమ్మా వసుంధరా. కాయంతా తిని చూసి ఎవురన్నా కొంటారా?" అనేవాడు.

ఏడాదిపాటు ఇది తమాషా అనుకున్నాను. తర్వాత లెక్క తెలిసింది. నవలల ఎంపికలో ఆయన ఒక్కసారి కూడా పొరపడలేదు. మిగతా అన్నిటిలోనూ పొరపడ్డాడు. ప్రతి ముఖచిత్రం మీదా ఒక మూల మామిడికొమ్మ ఉండాలని పట్టుబట్టేవాడు. ఎడారి కథకు కూడా.

ముట్టుకోవద్దు

ఇంకో పట్టుదల కూడా ఉండేది. పెళ్లి జరిగే పేజీ దాకా రాజు ఆ పిల్ల చెయ్యి పట్టుకోకూడదు.

"నా పుస్తకం అవ్వ సదివి మనమరాలికియ్యాల. మనమరాలు సదివి అవ్వకియ్యాల. మధ్యలో ఎవురూ పరుపు కింద దాచిపెట్టకూడదు" అనేవాడు రెడ్డిసార్.

కొత్త రచయితలకు ఈ నియమం చెబితే మొహాలు మాడ్చుకునేవాళ్లు. కొందరు దొడ్డిదారి వెతికేవాళ్లు. ఒకాయన రాసిన నవలలో రాజు రెండు పేజీలకోసారి స్పృహ తప్పి పడిపోతుంటాడు. ఆ పిల్ల పట్టుకోక తప్పదు కదా. నాలుగోసారి పడిపోయాక రెడ్డిసార్ ప్రతి పక్కన పెట్టి, "ఈయప్ప రాజా, రోగిష్టా?" అన్నాడు.

నేను కూడా మొదట్లో ఆ నియమాన్ని చాదస్తం అనుకున్నదాన్నే. కాని ఆలూరునుంచి ఒక టీచరమ్మ రాసిన నవలలో ఒక పేజీ నా అభిప్రాయం మార్చేసింది. నడివేసవి. పత్తిమూట నెత్తిన పెట్టుకుని పిల్ల నడుస్తుంటుంది. రాజు గుర్రం దిగి, ఆమెకు ఎండ వచ్చే వైపుకు మారి, తన నీడ ఆమె మీద పడేట్టు ఊరిదాకా నడుస్తాడు. ఆ నీడ గురించి మాకు మూడు నెలలపాటు ఉత్తరాలు వచ్చాయి. మా ఎండ సంగతి తెలిసినవాళ్లకు అంతకంటే పెద్ద ప్రేమ ఏముంటుంది? చెయ్యి పట్టుకోనిచ్చి ఉంటే ఆ టీచరమ్మ అది రాసేది కాదు. ఈ కాలం పిల్లలకు నేను చెప్పేదేమంటే, నియమాన్ని తిట్టుకునే ముందు దానితో ఒక ఏడాది కాపురం చేసి చూడండి.

చెనిక్కాయలు

ఇప్పుడు నా మొదటి తప్పు. అయిదువందల ఏళ్ల కిందటి కోటలో జరిగే నవల. అందులో రాకుమారుడు పిల్లకు వేయించిన చెనిక్కాయలు దోసిట్లో పోస్తాడు. చక్కగా ఉందనిపించి అచ్చుకు పంపాను. చెనిక్కాయలంటే మీరు వేరుశనగ అంటారే, అవే.

పదిహేను రోజులకు కడపనుంచి రిటైరైన చరిత్ర లెక్చరర్ ఒకాయన నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. ఆ కాలానికి చెనిక్కాయ మన సీమ మొహమే చూడలేదట. సముద్రాలు దాటి చాలా ఆలస్యంగా వచ్చిన పంటట. నేను ఉత్తరం తీసుకుపోయి రెడ్డిసార్‌కు చూపించాను. ఆయనకు కోపం రాలేదు, బాధ కలిగింది.

"చెనిక్కాయ లేని కాలం గూడా ఉండిందా మన సీమలో? మరి ఏం తిని బతికినారమ్మా?" అన్నాడు.

పొలంలో, రోట్లో, జేబులో ఎప్పుడూ ఉండేదాన్ని అది ఎప్పటినుంచి ఉందని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. తర్వాత ఆ లెక్చరర్‌నే మా చరిత్ర సలహాదారుగా పెట్టుకున్నాం. ఆయన ప్రతి పేజీలోనూ తారీఖులు చొప్పించబోయేవాడు, నేను తీసేసేదాన్ని. ఇద్దరం చివరిదాకా మంచి స్నేహంగా పోట్లాడుకున్నాం.

ఎమ్మిగనూరు కార్డు

నూరేళ్లు నిద్రపోయిన రాజకుమార్తె కథను కూడా వేశాం. రాట్నం కదురు వేలికి గుచ్చుకోగానే ఆమె నిద్రలో పడిపోతుంది. లెక్చరర్ గారు కూడా ఒప్పుకున్నారు. అంతా సవ్యంగా ఉందనుకున్నాను. అప్పుడొచ్చింది పోస్టుకార్డు.

"అయ్యా, మీ నవల మా వీధిలో అందరమూ చదివినాము. రాజకుమారికి కదురు గుచ్చుకుంటే నూరేండ్లు నిద్రపోయిందని రాసినారు. మేము చీరలు నేసేవాళ్లము. మా ఇంట్లో కదురు గుచ్చుకోని దినం లేదు. నిద్రపోతే మా అత్త ఊరుకోదు. ఒక్క దినం నిద్ర వచ్చే కదురు యాడన్నా దొరికితే చెప్పండి, దుడ్లు పంపిస్తాము. ఇట్లు, నాగవేణి, ఎమ్మిగనూరు."

రెడ్డిసార్ ఆ కార్డును నాలుగుసార్లు చదివి, అలవాటు కొద్దీ వాసన కూడా చూశాడు. "ఈమెను పట్టకరా పోమ్మా. ఈమె నవల రాయకుంటే ఇంగెవురు రాస్తారు?" అన్నాడు.

బస్సెక్కి పోయాను. పొడుగాటి రేకుల సావిడిలో ఆరు గుంటమగ్గాలు. ఒక మగ్గం గుంటలో నాగవేణి కూర్చుని నేస్తోంది. ముప్పై ఏళ్లుంటాయేమో. గుమ్మం పక్కన రాట్నం ముందు ఆమె అత్త సుంకమ్మ నూలు చుడుతోంది. నేను వచ్చిన పని చెప్పగానే సుంకమ్మ రాట్నం ఆపింది.

"నా కోడలికి రాసే తీరిక యాడుండాదమ్మా? మగ్గం ఎవురు చూస్తారు?"

నాగవేణి తల ఎత్తకుండానే, "నువ్వే అత్తా" అంది.

సావిడంతా నవ్వింది. సుంకమ్మ కూడా నవ్వింది, కాని కాసేపయ్యాక. ఆ నవ్వుతోనే ఒప్పందం కుదిరింది. రోజూ మధ్యాహ్నం రెండు గంటలు అత్త మగ్గంలోకి దిగుతుంది, కోడలు కాగితాల ముందు కూర్చుంటుంది. అక్షరం ముక్క రాని ఆ పెద్దావిడ వల్ల మాకు పదకొండు నవలలు వచ్చాయి. ఏ ముఖచిత్రం మీదా ఆమె పేరు లేదు. ఆ జాగాలో మామిడికొమ్మ ఉంది.

మగ్గాల తీర్పు

ముందురోజు రాసినదాన్ని నాగవేణి మర్నాడు సావిట్లో పైకి చదివేది. మిగతావాళ్లు నేస్తూనే వినేవాళ్లు. నేను పోయినప్పుడల్లా ఒక మూల కూర్చుని గమనించేదాన్ని. కథ పట్టు ఎక్కితే, పడుగులో అటూ ఇటూ పరిగెత్తే నాడెలు నెమ్మదించేవి. ఇంకా పట్టెక్కితే ఆగిపోయేవి. విసుగు పుడితే మాత్రం ఎవరూ నోరు తెరిచి బాగాలేదనేవాళ్లు కాదు. మగ్గాల చప్పుడు పెరిగేది. చదివేమనిషి గొంతు అందులో మునిగిపోయేది. నేను ప్రతి మీద, చప్పుడు ఆగిన చోట చుక్క పెట్టుకునేదాన్ని, పెరిగిన చోట గీత గీసుకునేదాన్ని. నా ముప్పై రెండేళ్ల చదువులో అంత నిక్కమైన విమర్శ ఇంకెక్కడా దొరకలేదు.

రెడ్డిసార్ ఇది విని గంతులేశాడు. అప్పటినుంచి ఎవరు రాసిన నవలైనా ముందు ఎమ్మిగనూరు సావిట్లో చదివించాకే అచ్చుకు పోయేది. అయితే ఒక షరతు పెట్టాడు.

"ఆఖరి అధ్యాయం మాత్రం సదవద్దండి. అంతా ఇన్నంక పుస్తకం ఎవురు కొంటారు?"

ఎంత తెలివైన వ్యాపారం అనుకున్నాం. చివరి పేజీలు అచ్చయి వచ్చాక అందరూ కూడి ఒక్కసారే వినేవాళ్లు. ఆ షరతే నన్ను ముంచింది.

నేను రాసిన రెండు పేజీలు

నాగవేణి ఆరో నవల చెప్పు పోగొట్టుకున్న పిల్ల కథ. నాగవేణి ఆ కథలోంచి చెప్పునే తీసేసింది. "మొగం గుర్తుపెట్టుకోనోడు కాలు చూసి పెండ్లి చేసుకుంటాడా అక్కా?" అంది. ఆమె కథలో పిల్ల నేతగత్తె. సవతితల్లికి తెలియకుండా తనకోసం ఒక చీర నేసుకుని, కట్టుకుని, కోటలో జాతరకు పోతుంది. తిరిగి వచ్చేటప్పుడు కొంగు చినిగి ఒక ముక్క ఆ కోట రాజు, యువ పాలెగాడి చేతిలో మిగిలిపోతుంది. ఆ ముక్క పట్టుకుని అతను ఊరూరా మగ్గాలు వెతుకుతాడు.

చివరి అధ్యాయంలో అతను ఆమె గడప ముందు గుర్రం దిగుతాడు. ఆమె మగ్గంలో ఉంది. చీర సగంలో ఉంది. ఆమె అతన్ని గుర్తుపట్టింది. కాని లేవదు. "చీర దించేదాకా కూచోండి" అంటుంది. అతను గుర్రాన్ని పంపించేసి గడపలో కూచుంటాడు. మూడు రోజులు. మూడోరోజు ఆమె చీర నేయడం ముగించి, మగ్గంనుంచి కోసి దించి బయటికి వస్తుంది. అప్పుడతను జేబులోని కొంగు ముక్క బయటికి కూడా తీయడు. అవసరం లేదు.

ఎనిమిది పేజీలు ఎక్కువయ్యాయి. ప్రెస్సువాళ్లు తొందరపెడుతున్నారు. మూడు రోజులు ఊరికే కూర్చోవడమేమిటి, ఏమీ జరగడం లేదు కదా అనుకున్నాను. హసీనా వాళ్ల సార్ అన్న మాటే. ఆ పది పేజీలు తీసి పక్కన పెట్టి, నా చేత్తో రెండు పేజీలు రాశాను. రాజు పిలవగానే పిల్ల నాడె విసిరేసి, సగం చీర అలాగే వదిలి బయటికి పరుగెత్తుకొస్తుంది. కొంగు ముక్క అతుకుతుంది. గుర్రం కదులుతుంది. చదువుకుని నన్ను నేనే మెచ్చుకున్నాను.

నాగవేణిని అడగలేదు. వాళ్లింట్లో ఫోను లేదనీ ఉత్తరానికి నాలుగు రోజులు పడుతుందనీ నాకు నేను చెప్పుకున్నాను. ఎమ్మిగనూరు బస్సు రోజూ మా ఆఫీసు ముందు నుంచే పోయేది. రెడ్డిసార్ పట్టుకునే అవకాశమూ లేదు, ఆయన చదివేది మధ్య పది పేజీలే కదా.

ఆ మధ్యాహ్నం

పుస్తకాల కట్ట, మిఠాయి పొట్లం తీసుకుని నేనే పోయాను. సుంకమ్మ పక్క వీధులవాళ్లను కూడా పిలిచింది. "నా కోడలి పుస్తకం, రాండి" అని ఇంటింటికీ తిరిగిందట. సావిడి నిండిపోయింది. మగ్గాలు ముందుగానే ఆగిపోయాయి. నాగవేణి కొత్త పుస్తకం తెరిచి ఆఖరి అధ్యాయం చదవడం మొదలుపెట్టింది.

"ఆమె నాడె పక్కకు విసిరింది" అన్న వాక్యం దగ్గర ఆగింది. పేజీ తిప్పి చూసింది. మళ్లీ వెనక్కు తిప్పింది. తర్వాత ఏ తేడా లేని గొంతుతో చదువుకుంటూ పోయింది. ఒక మగ్గం మొదలైంది. ఇంకొకటి. పిల్ల గుర్రం ఎక్కేసరికి ఆరు మగ్గాలూ మోగుతున్నాయి. చివరి వాక్యం ఎవరికీ వినిపించలేదు.

మనుషుల మొహాలు చూసి కాదు, ఆ చప్పుడు విని నాకు తెలిసింది ఏదో ఘోరం చేశానని. ఏమిటో మాత్రం తెలియలేదు. పక్కనున్న ఒకావిడ చెప్పింది.

"సగం చీర మగ్గం మింద ఇడిసిపెట్టి ఆడకూతురు లేసిందంటే, ఆ ఇంట్లో ఎవురన్నా సచ్చిపోయుండాల. లేకుంటే ఆ పిల్ల ఎవునితోనో ఎలబారిపోయుండాల. మంచి పిల్లలు అట్ల లేయరమ్మా."

సుంకమ్మ రాట్నం ముందునుంచి లేచింది. వీధి వీధంతా పిలిచి కూర్చోబెట్టిన మనిషి. మొహం కందిపోయింది.

"ఇది నువ్వు రాసిందేనామ్మే?"

నాగవేణి నా వైపు చూసింది. నేను చేతిలోని మిఠాయి పొట్లం వైపు చూశాను.

"నేనే రాసినా అత్తా" అంది నాగవేణి.

"అట్లయితే ఇంగ రాసింది సాలు. రేపట్నించి నేను మగ్గంలో దిగను."

నా మొత్తం ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు ఆ రెండు పేజీలు కాదు. ఆ ఒక్క నిమిషం. ఇంటికొచ్చిన మనిషి తలదించుకోకూడదని ఆమె తన రాతనే వదులుకుంది. నేను వదులుకోనిచ్చాను.

బస్సుదాకా వచ్చి సాగనంపింది. ఒక్క నిష్ఠూరం ఆడలేదు. "నా పేజీలు ఉండాయా అక్కా?" అని మాత్రం అడిగింది. ఉన్నాయన్నాను. "పారేయొద్దు" అంది.

పురుగు

పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు. పన్నెండో రోజు రెడ్డిసార్ ముందు నిలబడి అంతా చెప్పాను. పేజీలు మార్చానంటే ఆయన పెద్దగా పట్టించుకోలేదు. చివరి సంగతి విన్నాక కళ్లద్దాలు తీసేశాడు.

"ఆమె నిన్ను కాపాడితే నువ్వు నోరు మూసుకుని బస్సెక్కినావా?"

"అవును సార్."

"కాయ మింద మచ్చుంటే తుడిసి అమ్ముకోవచ్చు. లోపల పురుగుంటే బుట్టంతా పారబోయాల. ఆఖరి పేజీలు ఆమె రాసినట్లే మల్లా అచ్చేపిస్తా, అది నా పని. నీ పని ఎమ్మిగనూరులో ఉండాది. పో."

ఆయన మీద నాకు వంద ఫిర్యాదులుండేవి. ఆ రోజుతో తొంభై తొమ్మిది పోయాయి. మామిడికొమ్మ ఒక్కటే మిగిలింది.

గడప

మర్నాడు పొద్దున సరిగ్గా చదివే వేళకు సావిట్లో ఉన్నాను. నాగవేణి మగ్గంలో ఉంది. సుంకమ్మ రాట్నం తిప్పుతూ నన్ను చూసి కూడా చూడనట్టు ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు. నిలబడే గట్టిగా చెప్పాను.

"పెద్దమ్మా, ఆ రెండు పేజీలు మీ కోడలు రాయలేదు. నేను రాశాను. ఆమెను అడగకుండా రాశాను. ఆ రోజు మీరు అడిగినప్పుడు నోరు విప్పలేదు. ఆమె రాసింది ఇదీ."

సంచిలోంచి ఆ పది పేజీలు తీసి చదవడం మొదలుపెట్టాను. ఆరు మగ్గాలూ మోగుతున్నాయి. నా గొంతు నాకే వినపడలేదు. అయినా చదివాను. "చీర దించేదాకా కూచోండి" అన్నచోట ఒక మగ్గం నెమ్మదించింది. రాజు గుర్రాన్ని పంపించేశాక ఇంకో రెండు. వీధిలో జనం అతన్ని దాటుకుంటూ నీళ్లకు పోతున్నచోట అయిదోది ఆగింది. చివరి పేజీకి సావిట్లో మోగుతున్నది ఒక్క మగ్గమే. నాగవేణిది.

సుంకమ్మ రాట్నం ఆపి గొంతు సవరించుకుంది.

"మూడు దినాలు కూచున్న్యాడు, సరే. తిండెవురు పెట్టినారు?"

సావిడి ఘొల్లుమంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ధైర్యం తెచ్చుకుని మగ్గం దగ్గరికి పోయాను.

"నాగవేణీ, మళ్లీ రాస్తావా?"

"చీర మగ్గం మింద ఉండాదక్కా" అంది, తల ఎత్తకుండా.

సుంకమ్మ గడ్డంతో గడప వైపు చూపించింది. "కూచో."

కూచున్నాను. చీర సగమే అయింది. ఇంకెవరైనా అడిగి ఉంటే సుంకమ్మ చటుక్కున మగ్గంలోకి దిగి కోడల్ని లేపేది. ఆ రోజు దిగలేదు. సాయంత్రందాకా గడపలోనే ఉన్నాను, వాళ్లింట్లోనే పడుకుని పొద్దున్నే మళ్లీ వచ్చి కూచున్నాను. బడికి పోయే పిల్లలు ఆగి, "ఎవురీమె?" అని అడిగితే, లోపలినుంచి ఎవరో, "రాజు" అన్నారు. ఇక అంతే. మధ్యాహ్నానికి వీధిలో ప్రతివాళ్లూ, "ఏం రాజా, బాగుండావా?" అని పలకరించి పోయేవాళ్లే. సుంకమ్మ పూటపూటకూ జొన్నరొట్టె, రోట్లో నూరిన చెనిక్కాయల ఊరుబిండి తెచ్చి నా పక్కన పెట్టి పోయేది. అంత రుచిగా నేను ఎప్పుడూ తినలేదు.

రెండోరోజు మధ్యాహ్నం మగ్గం ఆగింది. నాగవేణి చీర కోసి దించి, మడత పెట్టి, అత్త చేతిలో పెట్టింది. సుంకమ్మ అంచు వేలితో తడిమి చూసుకుంది. తర్వాత కొంగు బిగించి తనే గుంటలోకి దిగింది.

"కొత్త చీర నేత నేను ఎత్తుకుంటా. నువ్వు కాగితాలు తెచ్చుకో పో" అంది కోడలితో. నా వైపు తిరిగి, "నువ్వు దినమున్నరే కూచున్న్యావు. రాజు కంటే తక్కువే" అంది.

నాగవేణి కాగితం తెచ్చుకుని నా పక్కనే గడపలో కూర్చుంది. అత్త అడిగిన ప్రశ్నకు జవాబుగా ఒక వాక్యం కలపాలంది. రాయబోతూ ఆగింది.

"చెనిక్కాయల ఊరుబిండి అని రాయొచ్చా అక్కా?"

"వద్దు. కడప సార్ ఉన్నాడు."

ఇద్దరం నవ్వుకున్నాం. "గడపలో కూచున్న రాజుకు ఆ ఇంటి ముసలామె జొన్నరొట్టె, నువ్వుల పొడి పెట్టింది" అని రాసింది. తర్వాత ఇంకో అయిదు నవలలు రాసింది. వాటిలో నేను మార్చమన్నవి చాలా ఉన్నాయి, ఆమె మార్చినవి కొన్ని ఉన్నాయి. అడగకుండా నేను మార్చింది ఒక్క మాట కూడా లేదు.

హసీనా, నీ ప్రశ్నకు జవాబు ఇదే. ఆ మూడు రోజులు తీయాలో ఉంచాలో చెప్పాల్సింది నేను కాదు, మీ సారూ కాదు. సుంకమ్మ పోయింది గాని నాగవేణి అదే సావిట్లో ఇంకా నేస్తోంది. ఎమ్మిగనూరు బస్సు పొద్దున ఆరింటికి ఉంది. పోయి ఆమెనే అడుగు. మగ్గం మీద చీర ఉందంటే, దించేదాకా గడపలో కూచో. రొట్టెకేం భయం లేదు.